ఏడు మాత్రల పిలుపు

అనిత మూడోసారి చేస్తే గానీ నేను ఫోన్ తీయలేదు. నా డబుల్ బేస్‌కి తీగలు మారుస్తున్నాను. మనిషంత ఎత్తున్న ఆ వాయిద్యానికి తీగలు మార్చడమంటే గేదెకు స్నానం చేయించడమే. మధ్యలో వదిలేసి పోవడానికి ఉండదు.

"సార్, నేను అనితను. మహాదేవమ్మ కోడలిని. జహీరాబాద్ దిక్కు నుంచి," అంది. "మా అత్త తింటలేదు సార్. మీరు ఒక్కపాలి రావాలె."

"ఒంట్లో బాగోలేదా? డాక్టర్‌కి చూపించారా?"

"దవాఖానకు తీస్కపోయినం. ఆమెకేం రోగం లేదన్నరు. మీ పాట వచ్చినకాన్నుంచి గట్ల కూసుంటున్నది."

'మీ పాట' అనేసరికి నాకు ముందు వచ్చింది భయం కాదు, చిరాకు. నేనేం తక్కువ చేశానని? కాగితం మీద ఒప్పుకోలు రాయించుకున్నాను, తెలుగులో చదివి వినిపించి మరీ. ఆల్బమ్ మీద నా పేరుకన్నా పైన ఆవిడ పేరు వేశాను. చీర పెట్టాను, శాలువా కప్పాను. మనవాళ్లు పాటలు పట్టుకుపోయి కనీసం ఊరి పేరైనా రాయరు. నేను అలాంటివాణ్ని కానని నాకు బోలెడు గర్వం. అయినా మర్నాడు వస్తానని చెప్పాను.

నా సంగతి కొంచెం చెప్పాలి. నా పేరు ఫణీంద్ర. మా నాన్న వీరభద్రరావు గారు తెనాలి నుంచి జహీరాబాద్‌లో ఒక ఫ్యాక్టరీకి ఫోర్‌మన్‌గా వచ్చారు. నేను ఆ ఫ్యాక్టరీ కాలనీలోనే పుట్టి, ఇంట్లో ఒక తెలుగు, గడప దాటితే ఇంకో తెలుగు మాట్లాడుతూ పెరిగాను. మహాదేవమ్మ న్యాల్‌కల్ వైపు నుంచి మొదటి బస్సుకు పెరుగు కుండ తెచ్చి మా కాలనీలో అమ్మేది. ఆమె పుట్టిల్లు బీదర్ వైపు. అందుకని కోపం వస్తే కన్నడంలో గొణిగేది. మా అమ్మ నాగమణి పెరుగు పులిసిందని రోజూ పోట్లాడేది, రోజూ కొనేది.

నాకు సంగీతం అబ్బింది మాత్రం చర్చిలో. నా స్నేహితుడు వెస్లీ వాళ్ల చర్చిలో బేస్ గిటార్ వాయించే ఆయనకు సరిగ్గా క్రిస్మస్ ముందు బదిలీ అయింది. ఎవరూ దొరక్క నన్ను నిలబెట్టారు. నాలుగు తీగలే కదా అనుకున్నాను. ఆ నాలుగు తీగలే నన్ను హైదరాబాద్ హోటళ్లకీ, గోవాకీ, చివరికి యూరప్‌లో జాజ్ ఉత్సవాలకీ ఈడ్చుకుపోయాయి. జాజ్‌లో బేస్ వాయించేవాడిది పునాది పని. ఉన్నంతసేపూ ఎవరూ చూడరు. రైలెక్కేటప్పుడు మాత్రం అందరూ చూస్తారు. ఒకసారి కాజీపేటలో ఒక పెద్దాయన నా వాయిద్యం పెట్టెకు దండం పెట్టి, "ఎవరు బాబూ పోయింది?" అని అడిగాడు.

నా బృందంలో బల్గేరియా నుంచి ఒక క్లారినెట్ ఆవిడ, సెనెగల్ నుంచి కోరా అనే తీగల వాయిద్యం వాయించే పెద్దాయన, చెన్నై నుంచి ఒక ఘటం విద్వాంసుడు ఉన్నారు. పత్రికల వాళ్లు మమ్మల్ని 'ప్రపంచ సంగీతాల సంగమం' అంటారు. ఆ సంగమంలో మునిగేది ఎప్పుడూ బేసే. నలభై ఆరేళ్లు వచ్చేదాకా నా పేరు తెలిసినవాళ్లు నా చుట్టాలూ, నాతో పాటు వాయించినవాళ్లూ, అంతే.

నిరుడు దసరా ముందు వెస్లీ ఒక మాట అన్నాడు. వాడిప్పుడు హైదరాబాద్‌లో సౌండ్ ఇంజినీరు, నా రికార్డింగులన్నీ వాడే చేస్తాడు.

"అరే ఫణీ, పెరుగు మహాదేవమ్మ యాదికున్నదా? ఆమె ఇసుర్రాయి కాడ పాడుతుంటే మా మేనత్త ఇన్నదట. ఏడు మాత్రలల్ల పడ్తదట రా ఆ పాట."

తాళంలో ఏడు దెబ్బలనగానే నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. మన మిశ్రచాపులో మూడు, నాలుగు. బల్గేరియా వాళ్ల నాట్యాల్లో రెండు, రెండు, మూడు. ఈ ఏడు ఏ ఏడో తెలుసుకోవాలని అప్పటికప్పుడు వెస్లీని బయల్దేరదీశాను. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు గానీ, ప్రపంచమంతా తిరిగి వచ్చాక నాకు పెరటి చెట్టు తప్ప ఇంకేమీ మిగల్లేదు.

మహాదేవమ్మ నన్ను గుర్తుపట్టింది. "నాగమణమ్మ కొడుకువు గాదూ," అని రెండు చేతులతో నా బుగ్గలు పుణికింది. పాట మాట ఎత్తితే మాత్రం చేతులు వెనక్కి తీసుకుంది.

"పాడుత బిడ్డా. గానీ అది యాడంటె ఆడ పాడేది గాదు. దసరా పోయినంక పదకొండో దినం రా. మా అభి పోయిన దినం. పొద్దుగాల వాన్ని పిలుస్తం. అప్పుడు పట్టుకో."

అభి అంటే ఆమె ఒక్కగానొక్క కొడుకు అభిషేక్. అప్పటికి మూడేళ్ల కిందట బైపాస్ మీద అతని బండి చెరకు ట్రాక్టర్ కిందికి పోయింది. ఇరవై ఎనిమిదేళ్లు. అనిత అతని భార్య.

ఆ రోజు తెల్లారేసరికి వెస్లీ, నేనూ వాళ్లింట్లో మైకులు సర్దుకుని కూర్చున్నాం. మహాదేవమ్మ విసుర్రాయిలో గుప్పెడు జొన్నలు పోసి తిప్పడం మొదలుపెట్టింది. రాయి ఒక్కో చుట్టుకి రెండు, రెండు, మూడు. అచ్చం బల్గేరియా వాళ్ల ఏడు. 'రారా అభయ్యా, గడప దాకా రారా' అని ఆమె పిలిచింది. ఒకసారి, రెండోసారి. మూడో పిలుపులో ఆమె గొంతు ఒకచోట పగిలి, పగిలిన చోటే నిలబడింది. అలాంటి స్వరం నేను ఏ దేశంలోనూ వినలేదు.

సరిగ్గా అప్పుడే గడప దగ్గర నిలబడ్డ అనిత ఏదో అంది. రికార్డింగు మధ్యలో ఎప్పుడూ ఎవరో ఒకరు ఏదో ఒకటి అంటారు. నేను ఆమె వైపు తిరిగి పెదాల మీద వేలు పెట్టాను. అయినా నాకు కావలసింది దొరికిపోయింది. వెస్లీకి సైగ చేస్తే వాడు రికార్డర్ ఆపేశాడు. మహాదేవమ్మ ఇంకా రాయి తిప్పుతూ ఏవేవో మాట్లాడుతూనే ఉంది. అయ్యేదాకా మర్యాదగా చేతులు కట్టుకుని కూర్చున్నాం.

ఆ మూడో పిలుపును పదకొండు సెకన్ల ముక్కగా కోశాం. అది అయిపోగానే మళ్లీ మొదటికి వచ్చేలా పెట్టాం. మా భాషలో దాన్ని లూప్ అంటాం, పెడల్ మీద కాలు వేస్తే చాలు, తీసేదాకా తిరుగుతూనే ఉంటుంది. వెస్లీ మూడు రోజులు కూర్చుని చప్పుళ్లన్నీ శుభ్రం చేశాడు. దాని మీద క్లారినెట్, కోరా, ఘటం ఒక్కొక్కటే వచ్చి చేరతాయి. పిలుపు ముగిసిన చోట ఒక్క క్షణం ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలో నేను నా మందపు తీగ మీద ఒకే ఒక్క స్వరం వేశాను. 'గడప' అని పేరు పెట్టి జనవరిలో వదిలాం.

ఆ తర్వాత జరిగింది నాకే అర్థం కాలేదు. పెద్ద పెద్ద విమర్శకులు ఆ ఒక్క స్వరం గురించి పేరాలు రాశారు. ఇక్కడేమో పిల్లలు ఆ పిలుపు పెట్టుకుని రీల్స్ చేశారు. యూరప్‌లో ఎనిమిది ఊళ్లు మమ్మల్ని పిలిచాయి, మే నుంచి జూన్ దాకా. ఎనిమిది ఉత్తరాల్లోనూ ఒకటే షరతు, 'గడప' వాయించాలి. పాతికేళ్లు వేళ్లు కాయలు కాచేలా వాయిస్తే వచ్చిన మొదటి పిలుపు అది. దాన్ని ఎవరో చెడగొడతారంటే చిరాకు రాదా మరి.

మర్నాడు, ఏప్రిల్ ఎండలో, వాళ్ల ఊరు చేరాను. ఇంట్లో అడుగు పెట్టబోతే మహాదేవమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"జర పక్కకెళ్లి రా బిడ్డా."

గడప అవతల ఒక పీట వేసి ఉంది. దాని పక్కన చెంబుతో నీళ్లు. పీటకు ఎదురుగా, గోడకు ఆనుకుని ఆవిడ. మూడు నెలల్లో మనిషి సగమైపోయింది. మెడలో ఎముకలు కనిపిస్తున్నాయి.

"ఏమైందమ్మా?"

"నువ్వు మావోన్ని పిలుస్తున్నవు గదా. వచ్చిండు. నిలవడ్డడు."

ఆవిడే మెల్లగా, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది.

"మా ఇంట్ల ఏడాదికి ఒక్కపాలి పిలుస్తం. మూడు పిలుపులు. మూడోది కాంగనే గడప కాడ నిలవడ్డ కోడలు 'వచ్చిండు' అనాలె. ఇంక కూసోవెట్టి సంగతులు చెప్తం. ఏ బర్రె ఈనింది, ఏ చేన్ల ఏమేసినం, అన్ని. అయినంక రాయి ఒక్క చుట్టు ఎదురు తిప్పి, పో బిడ్డా అని పంపుతం. ఆ పిండి ఆవుకు పెడ్తం. గంతే. నీ మిషన్ల ఏమున్నది? పిలుపొక్కటే ఉన్నది. వచ్చిండు అనేటోల్లు లేరు, పో అనేటోల్లు లేరు. ఆటోల అదే, బడి పోరగాండ్ల ఫోన్లల్ల అదే. పొద్దుమాపు పిలుస్తనే ఉన్నది. ఎవరినన్న ఇంటికి పిలిచి, రా అనకుంట పో అనకుంట గడపల నిలవెడ్తరా?"

"నాకు తెలియదమ్మా. నిజంగా తెలియదు."

"మీ అమ్మ నాతోని రోజు కొట్లాడేది. పెరుగు పులుపు, నీ నోరు పులుపు అని. గానీ ఒక్కనాడు నన్ను గడపల నిలవెట్టలే. పీటేసి, చాయ్ తాపి, ఇగ పోయిరా మహాదేవమ్మా అన్నంకనే పంపింది. నువ్వు ఆమె కొడుకువే గదా అని పాటిచ్చిన."

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. కానీ నేను అప్పటికి ఇంకా బేరం మానలేదు. మిగతా పాట కూడా రికార్డు చేసి వేరే ముక్కగా పెడతానన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. అప్పుడు ఇంకో మెట్టు దిగాను.

"రెండు నెలలు ఆగమ్మా. జూన్ వెళ్లగానే ఆ పాట తీసేస్తాను. ఎనిమిది ఊళ్లకు మాటిచ్చాను. మళ్లీ ఈ జన్మలో నన్ను ఎవరూ పిలవరు."

"నాకేమున్నది బిడ్డా," అంది మహాదేవమ్మ. "నేను కూసున్నదాన్ని. నిలవడ్డది వాడు."

బయటికి వచ్చి కారు తలుపు తీస్తుంటే అనిత వెనకాలే వచ్చింది. ముప్పై కూడా ఉండవు ఆ అమ్మాయికి. కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

"సార్, ఒక్కటి అడుగుత, ఏమనుకోరు గదా?"

"అడగమ్మా."

"ఆ పాటల నా మాట ఎందుకు లేదు?"

నాకు అర్థం కాలేదు.

"ఆనాడు నేను అన్న గద సార్. 'వచ్చిండు' అన్న. మొదటి ఏడు గడప కాడ నిలవడితే నోరు రాలే. రెండో ఏడు గూడ రాలే. వచ్చిండు అంటే, ఆయన పోయిండని నేను ఒప్పుకున్నట్టే గదా. నేను ఒప్పుకోలే. రెండేండ్లు అత్తనే పిలిచి, అత్తనే వచ్చిండు అనుకొని, అత్తనే పంపింది. మూడో ఏడు, మీరు వచ్చిననాడు, ఎట్లొచ్చిందో వచ్చింది. అన్న. మీరు నన్ను ఊకోమని వేలు పెట్టిన్రు."

ఆ వేలు నాదే. ఇప్పటికీ నాతోనే ఉంది, కుడిచేతి చూపుడు వేలు. దానితోనే తీగ మీటుతాను.

"పాట వచ్చినకాన్నుంచి ఎన్నిపాల్లు ఇన్ననో సార్. కొట్టంల కూసొని ఇంట. ఇప్పుడొస్తది, ఇప్పుడొస్తది అని. ఆడికి వచ్చేవరకు బొయ్‌మని ఏందో మోగుతది. నా మాట రాదు."

బొయ్‌మని మోగేది నా బేసు. విమర్శకులు పేరాలు రాసిన స్వరం. ఖాళీ అనుకుని నేను దాన్ని పెట్టిన చోటు ఖాళీ కాదు, ఆ అమ్మాయి మాట ఉన్న చోటు. చప్పుడు కింద లెక్కగట్టి దాన్ని తుడిపించేసి, పైన నేను ఎక్కి కూర్చున్నాను.

ఇంత తెలిశాక కూడా నా నోట వచ్చిన మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చస్తాను. స్టూడియోలో బతికినవాడి బుద్ధి ఎక్కడికి పోతుంది? జేబులోంచి ఫోన్ తీసి, "ఇప్పుడు ఇంకోసారి అనమ్మా, రికార్డు చేసుకుంటాను, అక్కడ అతికించేద్దాం," అన్నాను.

అనిత నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

"అది ఒక్కపాలే వచ్చింది సార్," అంది. "అది మీ కాడనే ఉన్నది."

హైదరాబాద్ వచ్చి రెండు రోజులు నాకు నేనే న్యాయం చెప్పుకున్నాను. ఇదంతా వాళ్ల నమ్మకం. చనిపోయినవాడు గడపలో నిలబడతాడా? ఆవిడకి మంచి వైద్యుణ్ని చూపించాలి. అనితకు ఎవరైనా ధైర్యం చెప్పాలి. ఇలా అన్నీ ఇంకెవరో చేయాల్సినవే. మూడో రోజు సాధనకు కూర్చుని పెడల్ మీద కాలు వేశాను. 'గడప దాకా రారా.' రెండు, రెండు, మూడు. నా స్వరం వేయాల్సిన చోటు వచ్చింది. వేలు కదల్లేదు. మళ్లీ వచ్చింది. మళ్లీ కదల్లేదు. పిలుపు తిరుగుతూనే ఉంది, ఎవరూ పలకడం లేదు. ఏ తల్లి పిలుస్తున్నా ఎవరో ఒకరు పలకాలి కదా, ఆ గదిలో నేను తప్ప ఎవరూ లేను. పదహారోసారి కాలు తీసేసి, బేసును పట్టుకుని ఏడ్చాను. అంత పెద్ద వాయిద్యం ఉంటే ఒక లాభం, ఏడవడానికి ఆసరా దొరుకుతుంది.

ఆ సాయంత్రమే అన్ని చోట్ల నుంచీ 'గడప' తీయించేశాను. అంటే, మా చేతిలో ఉన్నవన్నీ. రీల్స్ మా చేతిలో లేవు. ఎనిమిది ఊళ్లకూ ఉత్తరాలు రాశాను, ఆ పాట ఇక ఉండదని. ఐదు ఊళ్లు వద్దనేశాయి. బల్గేరియా ఆవిడ ఫోన్ చేసింది. మా ఊళ్లో కూడా ఏడుపు పాటను సగంలో ఆపితే మా అమ్మమ్మ ఒప్పుకునేది కాదు, ముందే నన్ను అడగాల్సింది కదా, అంది. నేను ఆవిడనీ అడగలేదు, ఎవర్నీ అడగలేదు. ఏడు మాత్రలు లెక్కపెట్టుకోవడంలో మునిగిపోయాను.

వెస్లీ మాత్రం స్టూడియో కప్పు ఎగిరేలా అరిచాడు.

"దిమాగ్ ఖరాబైందా రా నీకు? పాతికేండ్ల మెహనత్! ఒక్క ముసలామె ఏదో అన్నదని..."

"వెస్లీ, ఆ రోజు అసలు రికార్డింగు కావాలి. శుభ్రం చేయకముందుది."

"లేదు."

"లేదంటే?"

"నువ్వే గద అన్నవు, క్లీన్ చేసింది ఉంటే చాలు, డిస్కు ఖాళీ చెయ్యి, టూరు పనులున్నయని. చేసిన."

అనిత చెప్పిందంతా వాడికి చెప్పాను. వేలు సంగతి కూడా దాచలేదు. వెస్లీ అరుపు ఆగిపోయింది. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు, పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు.

"ఆ మాటను తీసింది నువ్వు గాదు, నేను," అన్నాడు చివరికి. "అక్కడ ఏదో ఆడగొంతు అడ్డమొచ్చిందని గంటసేపు గీకిన. ఆగు. ఒక్క నిమిషం ఆగు."

సంగతేమిటంటే, చప్పుళ్లు శుభ్రం చేసేటప్పుడు వెస్లీకి ఒక అలవాటు ఉంది. తీసేసినదాన్ని పారేయకుండా వేరే ఫైలుగా దాస్తాడు. పొరపాటున పాటలో ముక్క ఏదైనా అందులో కొట్టుకుపోయిందేమో అని తర్వాత ఒకసారి వింటాడు. వాళ్ల నాన్న దర్జీ. కత్తిరింపులు ఊడ్చి పారేసే ముందు గుండీలు పడిపోయాయేమోనని వేళ్లతో వెతికేవాడట. ఆ ఫైళ్లన్నిటికీ వాడు పెట్టుకునే పేరు ఒకటే, 'చెత్త', పక్కన వరస నంబరు.

'చెత్త ఏడు' ఇంకో పాత డిస్కులో దొరికింది. ఇద్దరం విన్నాం. కోడి కూసింది. ఎక్కడో గరిటె పడింది. దూరంగా మోటార్ సైకిల్. రాయి గరగర. ఆ గరగరలో, నీళ్లలోంచి వచ్చినట్టు, సన్నగా, 'వచ్చి...'

అంతే. మిగతా సగం రాయి చప్పుడులో కలిసిపోయింది. వెస్లీ ఎన్ని మీటలు నొక్కినా బయటికి రాలేదు. రాత్రి భోజనాల వేళకు లేచి, "పొద్దుగాల పోదాం పా. నేను గూడ వస్త," అన్నాడు.

మేం వెళ్లేసరికి మహాదేవమ్మ పీట ముందు అలాగే ఉంది. పాట తీసేశానని చెప్పాను. తల ఊపింది. నిన్న కూడా బస్టాండ్‌లో ఎవరి ఫోన్‌లోనో వినిపించిందట, ఊరి వాళ్లు చెప్పారట. తీసేశానన్నంత తేలికగా అది పోదని నాకూ తెలుసు. ఒక మాట దొరికిందనీ, సగమే దొరికిందనీ చెప్పి తల దించుకున్నాను.

ఆవిడ అనిత వైపు చూసింది. అనిత గోడ వైపు చూసింది.

"పిలుపు వద్దు," అంది మహాదేవమ్మ లేస్తూ. "పిలిచింది చాలు. దొరికింది పెట్టు."

విసుర్రాయిలో గుప్పెడు జొన్నలు పోసి, రాయి మీద చెయ్యి వేసి కూర్చుంది, తిప్పలేదు. అనిత వచ్చి గడపకు ఒక పక్కన నిలబడింది. వెస్లీ, నేనూ గడప ఇవతల నేల మీద కూర్చున్నాం. నేను బేసు తీసుకురాలేదు. అరచేతిలో పట్టే చిన్న స్పీకర్ ఒకటి పీట పక్కన పెట్టాను.

కోడి. గరిటె. గరగర. 'వచ్చి...'

అనిత ఉలిక్కిపడి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. ఆ గొంతు తనదేనని అందరికన్నా ముందు తనకే తెలిసింది.

"మల్ల పెట్టున్రి సార్."

మళ్లీ పెట్టాను. ఈసారి ఆమె చెయ్యి నోటి మీంచి జారింది. పెదాలు కదిలాయి, మాట రాలేదు. మహాదేవమ్మ తొందరపెట్టలేదు, అటు చూడనైనా లేదు, జొన్నలు రాయి కన్నంలోకి వేలితో సర్దుతూ ఉంది. ఇది రాకపోతే ఇక ఎప్పటికీ రాదు. రాకపోవడానికి కారణం నేనే.

"ఇంకొక్కపాలి."

కోడి. గరిటె. గరగర. 'వచ్చి...'

"...ండు," అంది అనిత. తర్వాత పూర్తిగా, గట్టిగా, ఇల్లంతా వినబడేలా, "వచ్చిండు అత్తా. వచ్చిండు," అని గడప మీదికి కుప్పలా కూలి, ఏడ్చింది. మూడున్నరేళ్ల ఏడుపు అది. మధ్యలో ఎవరూ వేలు పెట్టలేదు.

నేను స్పీకర్ ఆపేశాను. మహాదేవమ్మ రాయి తిప్పడం మొదలుపెట్టి, పీట వైపు చూసి మాట్లాడింది.

"కూసో బిడ్డా. నిలవడి నిలవడి కాళ్లు గుంజినయేమో. నల్లబర్రె ఈనింది, దుడ్డె పుట్టింది. పడమటి చేన్ల ఈపాలి కందులేసినం. అనిత మిషన్ నేర్సుకుంటున్నది, జాకెట్లు కుడుతున్నది. బోరు నీళ్లు తగ్గినయ్, గానీ ఫికర్ చెయ్యకు, ఎట్లనో గట్ల ఎల్లుతది." రెండు చుట్లు తిప్పి, నా వైపు గడ్డంతో చూపించింది. "ఈడు మన నాగమణమ్మ కొడుకు. నిన్ను పిలిచి మూడు నెలలు గడపల నిలవెట్టిండు. తెల్వక చేసిండు. మనసుల పెట్టుకోకు."

వెస్లీ తల పైకెత్తలేదు. నేను కూడా.

గుప్పెడు జొన్నలూ పిండి అయ్యాక ఆవిడ చెయ్యి ఆపింది. పిడి మీద పట్టు మార్చుకుని, రాయిని మెల్లగా ఎదురు వైపు ఒక్క చుట్టు తిప్పింది. ఆ చుట్టులో ఏడు మాత్రలు లేవు. లెక్కపెట్టాలని కూడా నాకు తోచలేదు.

"ఇగ పో బిడ్డా," అంది మహాదేవమ్మ. "నీ తొవ్వల నువ్వు పో."

అప్పుడు చూసుకున్నాను, నేను గడపకు అడ్డంగా కాళ్లు చాపుకుని కూర్చున్నాను. గబగబా కాళ్లు ముడుచుకుని, గోడ వైపు జరిగి దారి ఇచ్చాను. వెస్లీ కూడా జరిగాడు.